కోరుట్లలో నింపిన రెండో ఫారం

బస్సులు ఆగిపోయిన రోజుల్లో ప్రయాణం పెట్టుకున్నామంటే సరదాకు కాదు. ఆ రోజు సాయంత్రం నాలుగింటి లోపల మా సరిత కాగితాల మీద పోస్టాఫీసు ముద్ర పడాలి. ఆ తేదీ ముద్ర ఉంటేనే ఢిల్లీ వాళ్ళు కవరు విప్పుతారట. లేకపోతే పక్కన పడేస్తారట.

మాది సిరిసిల్ల. నేను సాంచాలకు నూలు కండెలు చుడతాను. సాంచాలంటే కరెంటు మగ్గాలు. మా ఆయన వాటిని నడిపి నడిపి, దగ్గి దగ్గి పోయాడు. ఎనిమిదేళ్ళయింది. సరిత నా ఒక్కతే బిడ్డ. యూనివర్సిటీలో పరిశోధనకు చేరి ఏడాది దాటింది. షెడ్డులో ఎగిరే నూలు దుమ్ము కండెలు చుట్టే ఆడవాళ్ళ ఊపిరిని ఏం చేస్తుందో కనిపెట్టడం తన పని. చేతిలో ఒక గొట్టం పట్టుకుని వాడవాడా తిరిగి, మా అందరితో ఊదించి, అంకెలు రాసుకుంటుంది. కొత్తగా పరిశోధనలోకి వచ్చిన పిల్లలకు మూడేళ్ళు నెలనెలా ఖర్చులిచ్చే ఫెలోషిప్ ఒకటి ఉంది. తన వయసుకు ఇదే ఆఖరి ఏడు. ఇది రాకపోతే దసరా సెలవుల తర్వాత ప్రైవేటు బడిలో టీచరుగా చేరతానని మాట కూడా ఇచ్చేసింది. చేరితే ఆ గొట్టం అటక మీదికి పోతుంది. అది నాకు తెలుసు.

నాకు సంతకం తప్ప చదువు రాదు. నేను చెప్తుంటే సరితే రాస్తోంది. తన మాటలు వచ్చిన చోట అవి రాయొద్దంటుంది. నేను వినలేదు.

తెలంగాణ కోసం సమ్మె మొదలై పది రోజులైంది. యూనివర్సిటీ మూసేశారు, హాస్టలు ఖాళీ చేయించారు. తనకు దారి చూపే సారు సొంతూరు కోరుట్లకు వెళ్ళిపోయారు. ఫారం మీద రెండు సంతకాలు కావాలి. ఒకటి ఆయనది. రెండో సంతకం జగిత్యాల సర్కారు దవాఖానలో ఉన్న డాక్టరమ్మది. ఊపిరి కొలిచే పెద్ద మిషను వాడుకోనిస్తానని ఆమె ఒప్పుకుంటూ పెట్టాలి. అంటే సిరిసిల్ల నుంచి వేములవాడ, అక్కడి నుంచి కథలాపూర్ మీదుగా కోరుట్ల, కోరుట్ల నుంచి జగిత్యాల. బస్సులుంటే మధ్యాహ్నానికి తిరిగొచ్చే దారి. ఒంటరిగా పంపడానికి మనసొప్పక నేనూ బయలుదేరాను.

తెల్లవారి ఐదింటికి సరిత స్నానానికి వెళ్ళింది. ఫారం నాలుగు పేజీలు బల్ల మీద ఉన్నాయి. రాత్రంతా కూర్చుని ముత్యాల్లా నింపింది. పెళ్ళి పత్రికకు నాలుగు మూలలా పసుపు పెడతాం. కొత్త బట్టకు పెట్టకుండా తొడగం. షెడ్డు నడిపే ఆసాములు కొత్త పద్దుల పుస్తకానికి పెట్టకుండా గీత గీయరు. ఢిల్లీ దాకా పోయే కాగితం ఒట్టిగా ఎట్లా పోతుంది? ముత్తయిదువ చేత్తో పెట్టించాలని పక్కింటామె తలుపు తట్టాను. లేవలేదు. మా ఆయన పోయాక శుభానికని పసుపు ముట్టింది లేదు నేను. ఆ పొద్దు మాత్రం, నా బిడ్డ కాగితానికి నా చెయ్యి పనికిరాదా అనుకున్నాను. నీళ్ళు కలిపి, ప్రతి పేజీకి నాలుగు మూలలా మెల్లగా అద్దాను. ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరును సంచిలో దోపాను. సరితకు చెప్పలేదు.

ఆరుంబావుకు షేరింగు ఆటో దొరికింది. ముందు ముగ్గురు, వెనక ఎనిమిది మంది. వేములవాడకు మామూలు కన్నా రెండింతలు తీసుకున్నాడు. "గుడికి పోయేటోళ్ళు గింత అడుగరు, మీరెందుకు అడుగుతున్నరు పెద్దమ్మా" అన్నాడు డ్రైవరు, నేను బేరమాడితే. "దేవుడు నాలుగింటికి తలుపు మూసుకోడు, పోస్టాఫీసు మూసుకుంటది. పోనీయ్ రా" అన్నాను.

ఏడున్నరకు వేములవాడలో ట్రాలీ ఎక్కాం. వెనక సామాను పెట్టే చోట గోనెపట్టాలు పరిచారు, వాటి మీద పన్నెండు మందిమి. దారికి రెండు పక్కలా తంగేడు, గునుగు విరగబూశాయి. నాలుగు రోజుల్లో బతుకమ్మ. నా పక్కన చాటలో బీడీ ఆకు పెట్టుకుని ఒకామె కూర్చుంది. ట్రాలీ అంత ఎగురుతున్నా ఆమె చేతులు ఆగలేదు, బీడీలు చుడుతూనే ఉంది.

"పిల్లను తీసుకొని యాడికి అక్కా, పెండ్లి సూపులకా?" అంది.

"కాదు, సంతకాలకు."

"ఈడొచ్చిన పిల్లకు పెండ్లి సెయ్యక సంతకాలేందే!"

"పెండ్లికి ఇంకో ముహూర్తం దొరుకుతది చెల్లే. దీనికి ఇయ్యాల్నే."

"ఇంతకు ఏం సదువుతది?"

"మా కండెలోళ్ళ దమ్ము, ఊపిరి సంగతి."

ఆమె చేతులు మొదటిసారి ఆగాయి. "మా తంబాకు దుమ్ము మీ నూలుకన్న తక్కువ తిన్నదా? మా దమ్ము సంగతెవ్వలు రాస్తరు?" అని సరితను అడిగింది. సరిత ఆమె దిక్కు జరిగి కూర్చుంది. నోటుబుక్కు తీసి ఆమె పేరు, ఊరు రాసుకుంది. ఎన్నేళ్ళ నుంచి చుడుతున్నావని అడిగింది. ఆమె కథలాపూర్‌లో దిగేటప్పుడు "రాసుకునుడే కాదు, రావాలె మళ్ళ" అని వేలు చూపించి మరీ దిగింది.

పదింబావుకు కోరుట్లలో దిగాం. బజారంతా బందు. దుకాణాల తలుపులు సగం దించి, లోపలి నుంచి అమ్ముతున్నారు. ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక మాట: సమ్మె రోజుల్లో తినేది ఇంటి నుంచే తెచ్చుకోండి. మేము రొట్టె, ఉల్లికారం కట్టుకుపోయాం గనుక బతికాం. సారు ఇల్లు వాళ్ళనూ వీళ్ళనూ అడుగుతూ పోతే పావుగంట నడక.

సారుకు యాభై దాటి ఉంటాయి. లుంగీ మీదే ఎదురొచ్చారు. ఆయన భార్య మంచినీళ్ళిచ్చి, చాప వేసింది. సారు కలం తీసి, "తేవే సరితా, ముందుగాల నీ పని" అన్నారు. నేను సంచిలోంచి కవరు తీసి అందించాను.

సరిత విప్పింది. పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. లాగితే ఒక మూల చిరిగింది. తడి పసుపు గాలి ఆడని కవరులో ఐదు గంటలు ఊరి, ట్రాలీ కుదుపులకు జారి, పేజీల మధ్యకు పాకింది. అక్షరాలు అలుక్కుపోయాయి. ఫోటోలో నా బిడ్డ ముఖం సగం పచ్చగా ఉంది.

సారు భార్య వంగి చూసి వాసన పట్టింది. "పసుపే గదా ఇది. మూలలకు పెట్టిండ్రు."

సరిత నావైపు తిరిగింది. "అవ్వా, నువ్వు పెట్టినవా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను. "పెట్టిన బిడ్డా. మంచి జరుగుతదని."

"ఎవలు పెట్టుమన్నరే నిన్ను! ఫారం మీద మరకుంటే తీసుకోరని రాసి ఉంది. రాత్రంత నింపిన. ఇది బతుకమ్మనా, పత్రికనా పసుపు పెట్టనీకె?" అంది. తన గొంతు ఎప్పుడూ అంత లేవదు.

నేను చాప మీదే కూలబడ్డాను. "నా చెయ్యే మంచిది కాదు. నాకెరుకే. పక్కింటామె లేచేదాక ఆగకపోతిని" అన్నాను. అనుకుని అన్నమాట కాదు అది, లోపలున్నది బయట పడింది.

సరిత అరవడం ఆపేసింది. ఆ మాట తనకు నా తిట్టు కన్నా గట్టిగా తగిలినట్టుంది. "నీ చేతికేమైందే?" అని నా చెయ్యి లాక్కుంది. "తడి ఎక్కువైంది, అంతే. పొడి పసుపు పెట్టినా గిట్లయ్యేది కాదు."

సారు కాగితాలు వెలుగుకు పెట్టి చూస్తూ నవ్వారు. "మా అమ్మ గూడ నా డిగ్రీ కాగితానికి పెట్టిందమ్మా. అది ఫ్రేము కట్టి అద్దం లోపల పెట్టే కాగితం గాబట్టి బతికింది. గిప్పుడేం లోకం మునుగలే. ఫారం నెట్టులో ఉంటది. పదకొండున్నరకు కరెంటు వస్తది, గంటన్నర ఉంటది. నడువుండ్రి."

నెట్టు దుకాణం సందులో ఉంది. తలుపు సగం దించి ఉంటే వంగి లోపలికి దూరాం. కరెంటు కోసం మాకన్నా ముందే ఐదుగురు కూర్చున్నారు. పదకొండున్నర దాటింది. పావు తక్కువ పన్నెండయింది. అప్పుడు ఫ్యాను తిరిగింది. ఇంట్లో కూర్చుని కరెంటు కోసం ఎన్నిసార్లు ఎదురు చూడలేదు, కరెంటు ఉంటేనే మాకు కండెలు, కండెలుంటేనే కూలి. కానీ ఆ ఫ్యాను తిరిగినప్పుడు దండం పెట్టాలనిపించినంతగా ఎన్నడూ అనిపించలేదు. మా వంతు వచ్చి నాలుగు తెల్ల పేజీలు చేతికొచ్చేసరికి పన్నెండుంబావు. ఒకటి కాదు, రెండు కాపీలు తీయించారు సారు. తల్లులకూ పిల్లలకూ నేను చెప్పేది కూడా అదే. ఫారం రెండు తీయించండి.

దుకాణం ముందున్న బల్ల మీద సరిత రాయడానికి కూర్చుంది. టైము లేదని సారు పాత ఫారం వెలుగుకు పెట్టి, కనబడినంత చదువుతున్నారు, తను కొత్తదాని మీద రాస్తోంది. నేను పక్కన నిలబడి విన్నాను. పేరు. పుట్టిన తేదీ. తండ్రి పేరు దగ్గర మా ఆయన పేరు సారు నోట విని కొంగు సర్దుకున్నాను. నోటుబుక్కులో ఉన్న ఇంకో ఫోటో అంటించింది, ఒక పేజీ అయింది. రెండోది అయింది. మూడో పేజీ మధ్యలో సారు ఆగిపోయారు.

"సరితా, ఈడ కాదని ఎందుకు పెట్టినవ్?"

సరిత తల ఎత్తలేదు. "అట్లనే ఉండనీయుండ్రి సార్... నేనే రాస్త."

"ఏంది సారూ, దేనికి కాదన్నది?" అన్నాను.

"ఏం లేదవ్వా" అంది సరిత.

సారు నాకే చెప్పారు. ఫెలోషిప్ వచ్చిన పిల్లలను ఆర్నెల్లు బొంబాయిలో పెద్ద ప్రయోగశాలకు పంపుతారట. ఊపిరి జబ్బులు కొలవడం అక్కడి పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు. పోవడానికి, ఉండడానికి ఖర్చంతా వాళ్ళదే. పోతావా అని ఫారం అడుగుతుంది. "పోకుంటే గూడ నెలనెల పైసలు రావచ్చు. కానీ గా పని నేర్వకుంటే మూడేండ్లయినంక ఈమెను ఎవలు పిలుస్తరు? గొట్టం పట్టుకొని అంకెలు రాసేటోళ్ళు శానమంది ఉన్నరు. గా అంకెలు ఏం చెప్తయో చెప్పగలిగేటోళ్ళు కావాలె" అన్నారు.

నేను సరితను చూశాను. రాత్రి నా పక్కనే కూర్చుని ఈ గడిలో గీత పెట్టి, నాకు చెప్పకుండా పేజీ తిప్పింది. నాకు చదువొస్తే అప్పుడే పట్టుకునేదాన్ని. నా పసుపు ఆ పేజీ పాడు చేయకపోతే ఎన్నటికీ తెలిసేది కాదు.

"ఎందుకు కాదన్నవే?"

"నువ్వొక్కదానివి ఎట్లుంటవు?"

"కుంటిదాన్నా, గుడ్డిదాన్నా?"

"రాత్రి నీకు దమ్మొస్తే ఎవలు లేస్తరే? నీ ఊపిరి కొలిచింది నేనే గదా. నీ అంకె ఎంతో నాకే ఎరుక. నీకు చెప్పలే." తన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సందులో పోయేవాళ్ళు చూస్తున్నారు. నాకు సిగ్గు కూడా వేయలేదు.

మా ఆయన పెళ్ళయిన కొత్తలో బొంబాయి పక్కన భీవండికి సాంచాలు నడపడానికి పోయేవాడు. మా వాడకట్టులో సగం మంది మగవాళ్ళు అట్లా పోయినవాళ్ళే. పోయేటప్పుడు మనుషుల్లా పోయి, వచ్చేటప్పుడు దగ్గుతో వచ్చేవాళ్ళు. ఆ ఊరంటే నాకు అంతే తెలుసు. అదే దిక్కుకు నా బిడ్డను ఆ దగ్గు సంగతి తెలుసుకునేందుకు రమ్మంటున్నారు. అదీ ఖర్చులిచ్చి.

"నా దమ్ము కోసమని చదువుకు పోతివి. ఇప్పుడు నా దమ్ము కోసమనే ఆగుతవా? రెండిట్ల ఏదో ఒకటి జెయ్యి బిడ్డా" అన్నాను. "ఆర్నెల్లు నేను పక్కింటామె దగ్గర పండుకుంట. మాత్ర ఎప్పుడు మింగాల్నో నాకెరుకే. ఔనని పెట్టు."

"అవ్వా..."

"పెట్టు. టైమవుతాంది."

సరిత నన్ను చూసింది, సారును చూసింది. పెట్టింది. చిన్న గీత. ఆ గడిలో గీత పెట్టడానికి కండె చుట్టేంత సేపు కూడా పట్టలేదు. సారు కింద సంతకం పెట్టి, "అమ్మా, ఈసారి మూలలకు ఏం పెట్టకు" అన్నారు. నవ్వాను. చెయ్యి మాత్రం చీర కొంగుతో రెండుసార్లు తుడుచుకున్నాను.

ఒంటిగంట ఇరవైకి జగిత్యాల ఆటో. సగం దారిలో రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. సమ్మెలో అది రోజూ ఉన్నదే. ఊరంతా రోడ్డు మీదే తింటారు, బండ్లు ఆగిపోతాయి. ఆటోవాడు చేతులెత్తేశాడు. నేను దిగి, పెద్ద గంజులో పప్పు తిప్పుతున్న ఆమె దగ్గరికి పోయాను. నా గొంతు ముందే మోటు, ఆ పొద్దు దారి దుమ్ము తిని ఇంకా పోయింది. "అక్కా, నా బిడ్డ నౌకరి కాగితం నాలుగింటికి పడాలె. తొవ్వ ఇయ్యండ్రి."

"బువ్వ తినకుంట తొవ్వ ఇయ్యం" అంది ఆమె.

"నిలబడి తింటం."

ఇద్దరి చేతుల్లో విస్తరాకులు పెట్టారు. ఆటోవాడికి కూడా. నిలబడే నాలుగు ముద్దలు తిన్నాం. ఆమె గరిటె ఎత్తి, "ఏయ్, ఆటోను పోనీయుండ్రి, పిల్ల నౌకరికి పోతాంది" అని అరిస్తే, రోడ్డుకు అడ్డం పెట్టిన బండలు జరిపారు. "నౌకరొస్తే తెలంగాణల చెయ్యాలె మరి!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

రెండూ ముప్పావుకు జగిత్యాల. దవాఖానలో డాక్టరమ్మ లేదు. గేటు పక్కన టెంటులో దీక్షలో ఉందన్నారు. నలభై ఏళ్ళ మనిషి, మెడలో గులాబీ కండువా, ముఖం వాడి ఉంది. పది మంది డాక్టర్లు, నర్సులు ఆమె చుట్టూ ఉన్నారు. సరితను గుర్తుపట్టి దగ్గరికి తీసుకుంది. కాగితం చూసి మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రోగుల పని తప్ప ఏ కాగితం మీద సంతకం పెట్టద్దని అందరం ఒట్టు పెట్టుకున్నం సరితా. నేనే తప్పితే ఎట్ల?"

గడియారం మూడైంది. పక్కన కూర్చున్న మీసాల డాక్టరు కాగితం లాక్కుని చూశాడు. "మేడం, ఇది మన సర్కారు ఫైలు కాదు. ఢిల్లీది."

"ఢిల్లీది అయితే ఇంకా పెట్టద్దు" అంది ఒక నర్సు. "తెలంగాణ ఇయ్యమంటే ఇస్తలేరు."

"అందుకే గదా పెట్టాలె! తెలంగాణ ఇయ్యకపాయె, పైసలన్న గుంజుకొద్దాం!" అన్నాడు మీసాల డాక్టరు.

టెంటంతా నవ్వింది. దీక్షలో ఉన్న డాక్టరమ్మ కూడా నవ్వింది. అందరినీ ఒకసారి చూసింది. ఎవరూ వద్దనలేదు. మూడో పేజీలో బొంబాయి గడి చూసి, సరితను "పోతన్నవా?" అని అడిగింది.

"పోత మేడం" అంది సరిత. ఆ మాట తన నోట వినడం నాకు అదే మొదటిసారి.

డాక్టరమ్మ సంతకం పెట్టి, నా వైపు తిరిగింది. "నెలకోసారి ఈడికి రా అమ్మా. ఈమె వచ్చేదాక నీ ఊపిరి నేను కొలుస్త" అంది. నేను తల ఊపాను.

పోస్టాఫీసు ఢిల్లీ సర్కారుది, దానికి సమ్మె లేదు. అక్కడికి పరుగే. గోంద్‌తో కవరు అంటించి, స్పీడుపోస్టు కిటికీలో ఇచ్చేసరికి నాలుగుకు పన్నెండు నిమిషాలు తక్కువ. ముద్ర వేసిన చప్పుడు సరిత వినలేదట. నేను విన్నాను.

తిరుగు ప్రయాణం నాలుగున్నరకు, కొడిమ్యాల మీదుగా జీపులో. వేములవాడలో టీ తాగాం. ఈ దారిన మీరు వస్తే, మీ పిల్ల ఫారం మీరు ఒకసారి పైకి చదివించుకుని వినండి. చదువు రాకపోయినా వినండి. పిల్లలు మనకోసం కొన్ని గడుల్లో కాదని పెట్టి, చెప్పకుండా పేజీ తిప్పేస్తారు. నేను ఆ రోజు తెలుసుకున్నది అంతే. ఢిల్లీ నుంచి జవాబు ఇది చెప్తున్న నాటికి రాలేదు. వస్తుందో రాదో నాకు తెలియదు. బడి వాళ్ళకు మాత్రం సరిత మర్నాడే పోయి, దసరా తర్వాత రానని చెప్పి వచ్చింది.

సిరిసిల్లలో దిగేసరికి దీపాలు పెట్టే వేళ. బస్టాండు మీదుగా నడిచాం. సమ్మెలో కదలకుండా ఆగిన బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మీద దుమ్ము పేరుకుంది. చివరిది కొంచెం పెద్దది. "బోర్డు మీద ఏముందే?" అన్నాను.

"బొంబాయి" అంది సరిత.

దగ్గరికి పోయి, చేత్తో ఒక కిటికీ అద్దం తుడిచి లోపలికి చూశాను. రాత్రంతా పోయే బస్సు. "డ్రైవరు వెనక మూడో సీటు తీసుకో. కిటికీ దిక్కు. ముందుంటే కుదుపు తక్కువ, వెనకుంటే కడుపుల తిప్పుతది" అన్నాను.

"ఫెలోషిప్పే ఇంకా రాలేదు గదనే" అంది.

"రానీ. సీటైతే చూసి పెట్టుకుందాం" అన్నాను. ఇద్దరం ఆ అద్దంలోంచి లోపలికి చూస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాం.